జరీ అంచు, నాయిస్ చుక్క: వీడియో కంప్రెషన్‌పై అపోహలు - వాస్తవాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా వృత్తి. విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని పని చేస్తాను. ఇష్టపడి కొన్న పట్టుచీర వీడియోలో పసుపు మరకలా కనిపిస్తే ఆ ఇంటివాళ్లకెంత బాధో, నాకూ అంతే.

అపోహ: ఫైల్ ఎంత పెద్దదైతే క్లారిటీ అంత ఎక్కువ.

తెల్లవారుజాము ముహూర్తం పెళ్లి ఒకటి. "ఫైలు ఇంత పెద్దగా ఉంది కదా బాబూ, మరి అమ్మాయి చీర అంచు అలా ఉందేంటి?" అని పెళ్లికూతురి తండ్రి అడిగారు. సరైన ప్రశ్నే. మండపంలో లైట్లు తగ్గించారు, కెమెరామన్ ఐఎస్ఓ (తక్కువ వెలుగులోనూ బొమ్మను ప్రకాశంగా చూపే సెట్టింగ్) పెంచాడు, నలుపు ఉన్నచోటల్లా చుక్కలే. వీటినే నాయిస్ అంటాం. అది చూసి బిట్‌రేట్, అంటే సెకను వీడియోకు వాడే డేటా, పెంచింది నేనే. పెంచినదాంట్లో ఎక్కువ భాగం చుక్కలే తినేశాయి.

ఫుల్ హెచ్‌డీ వీడియోను కంప్రెస్ చేయకపోతే, అంటే కుదించకపోతే, సెకనుకు 25 ఫ్రేముల (బొమ్మల) లెక్కన సెకనుకు సుమారు 620 మెగాబిట్లు. మేం ఇచ్చేది 20 మెగాబిట్లు. ఇంత తగ్గడానికి కారణం, ఎన్‌కోడర్ (వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్) దాదాపు ప్రతి ఫ్రేమునూ మరో ఫ్రేముతో పోల్చి, కదలని స్తంభాన్ని "ఇందాకటిదే" అని రాసుకోవడం. నాయిస్ విషయంలో ఆ వీలు లేదు. చుక్కలు ప్రతి ఫ్రేములో కొత్తగా పుడతాయి. పోల్చగా మిగిలిన తేడాను ఎన్‌కోడర్ చిన్న చిన్న గడులుగా కోసి, పెద్ద మార్పులకు పెద్ద అంకెలు, సన్నని మార్పులకు చిన్న అంకెలు వేస్తుంది. బిట్లు చాలకపోతే, లెక్కలో చిల్లర పైసలు వదిలేసినట్టు చిన్న అంకెలను సున్నా చేస్తుంది. జరీ పోగులవీ చిన్న అంకెలే, నాయిస్ చుక్కలవీ చిన్న అంకెలే. ఏది చీరో, ఏది చుక్కో ఎన్‌కోడర్‌కు తెలియదు. నాయిస్ తగ్గితేనే జరీకి చోటు దొరుకుతుంది.

తలంబ్రాల దగ్గర ముఖాలు గళ్లుగా విరగడం కూడా ఇందుకే. ఏ గింజ దారి ఆ గింజదే, "ఇందాకటిదే" అని రాసుకునే వీలుండదు, బిట్లు చాలవు.

అపోహ: బిట్‌రేట్ తగ్గిస్తే నాయిస్ దానంతటదే పోతుంది.

పోతుంది గానీ, ఒక్క తీరుగా పోదు. కీఫ్రేము (దేనితోనూ పోల్చకుండా మొత్తంగా రాసే ఫ్రేము) వచ్చిన ప్రతిసారీ చుక్కలు మళ్లీ తేలి, కాసేపటికి కరిగిపోతాయి. వెనక గోడ ఉబ్బి తగ్గుతున్నట్టు ఉంటుంది. అందుకే నేను ఎన్‌కోడింగ్‌కు ముందే డినాయిస్ చేస్తాను, అంటే నాయిస్ తగ్గిస్తాను. వరుస ఫ్రేముల్లో చీర మారదు, నాయిస్ మారుతుంది. 4 ఫ్రేముల సగటు తీస్తే నాయిస్ సగానికి తగ్గుతుంది, జరీ నిలుస్తుంది. చేతులు కదిలే చోట మాత్రం వెనకాల నీడలాంటిది మిగులుతుంది కాబట్టి అక్కడ డినాయిస్ జోరు తగ్గించాలి.

అపోహ: అయితే నాయిస్‌ను పూర్తిగా తుడిచేస్తే ఇంకా మంచిది.

ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం ఆకాశం తీస్తే మెట్లు మెట్లుగా చారలు పడతాయి. 8 బిట్ వీడియోలో వెలుగుకు 256కు మించి మెట్లు ఉండవు, సన్నటి గ్రెయిన్ (నూకలాంటి చుక్కలు) వాటిని కనపడకుండా దాస్తుంది. 2018లో వచ్చిన ఏవీ1 అనే వీడియో కంప్రెషన్ పద్ధతిలో ఇందుకు ఏర్పాటే ఉంది: గ్రెయిన్ తీసేసి పంపి, దాని వివరం మాత్రం ఇచ్చి, చూపించేటప్పుడు ప్లేయర్ చేత మళ్లీ వేయిస్తుంది.

అపోహ: మసకైన వీడియోను ఎక్కువ బిట్‌రేట్‌లో మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే బాగుపడుతుంది.

సున్నా అయిన అంకె తిరిగి రాదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపినా ఇంకోసారి కంప్రెస్ అవుతుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

అపోహ: గుంటూరు మిర్చి యార్డు వీడియోలో కాయలు ఎర్రటి ముద్దలా కనిపిస్తే అది కెమెరా లోపం.

మంచి కెమెరాతో తీసినా ఇలా జరుగుతుంది. మన కన్ను రంగులోని సన్నని తేడాల కంటే వెలుగులోని తేడాలను బాగా పట్టుకుంటుంది. అందుకని సాధారణ వీడియోల్లో వెలుగును ప్రతి పిక్సెల్‌కూ, రంగును 4 పిక్సెళ్లకు ఒకటి చొప్పున రాసుకుంటారు. పైగా హెచ్‌డీ లెక్కలో వెలుగులో ఎరుపు వాటా 21 శాతమే, ఆకుపచ్చది 72 శాతం. ఎర్రటి కాయకీ పక్క కాయకీ వెలుగులో తేడా కొంచెమే, ఆ కొంచెం కూడా చిల్లర కింద పోతుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో తీయండి. కాయల మధ్య నీడ పడుతుంది, ఆ నీడ వెలుగు లెక్కలోకి వస్తుంది, తొడిమలతో సహా కాయలు విడివిడిగా కనిపిస్తాయి. "ఎరుపు ఇంకొంచెం పెంచండి" అని ఎవరు అడిగినా నేను ఒప్పుకోను, ముందు ఆ నీడలు చూపిస్తాను.