వేడి బేరింగ్ నీళ్లు తాగుతుంది

ఏడాదిలో మూడోసారి వెనక యాక్సిల్ బేరింగ్ పోయిందండీ, ప్రతిసారీ కొత్తదే వేయిస్తున్నా, ఈ నాలుగు చక్రాల క్వాడ్ బైకు నాకు అచ్చిరాలేదేమో అని ఒకాయన అడిగారు. అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదండీ. బురదలో, గుట్టల్లో తిరిగే బండికి ఒకే చోట బేరింగ్ మళ్లీ మళ్లీ పోతోందంటే దాన్ని చంపుతున్నదేదో ఇంకా అక్కడే ఉంది, మనం మార్చకుండా వదిలేసిన భాగాల్లో.

ముందుగా, పాత బేరింగ్‌ని పారేయకండి. పక్కనున్న రబ్బరు సీల్ ఊడదీసి చూడండి. గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులోకి మారి, గోళీల మీద తుప్పు మచ్చలుంటే నీళ్లు వెళ్లాయి. గ్రీజు శుభ్రంగా ఉండి, లోపలి రేస్ (గోళీలు నడిచే ఉక్కు రింగు) గాడిలో గోళీలు నడిచిన జాడ మధ్యలో కాకుండా చుట్టూ ఒక అంచుకే ఉంటే పక్క నుంచి ఒత్తిడి పడింది. రెండు బేరింగుల మధ్య ఉండే స్పేసర్ గొట్టం అరిగి పొట్టిదైతే ఇలా అవుతుంది, నట్ బిగించగానే లోపలి రేసులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరిగిపోయి గోళీలు గాడి అంచుకి ఎక్కుతాయి, బాల్ బేరింగ్‌కి లోడు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. బయటి రేస్ వీపు అద్దంలా మెరుస్తుంటే అది క్యారియర్‌లో, అంటే బేరింగులు కూర్చునే గూడులో, వదులై తిరుగుతోంది, క్యారియర్ మార్చాల్సిందే. గోళీల మధ్య ఎంత దూరమో అంతే దూరంలో వరసగా సొట్టలుంటే బిగించేటప్పుడు సుత్తితో కొట్టారు.

ఆయన పంపిన ఫొటోలో గ్రీజు కాఫీ రంగులోనే ఉంది. సీల్ కొత్తదే కదా, నీళ్లు ఎలా వెళ్లాయి అని ఆయన సందేహం. నాకు భలే ఇష్టమైన సంగతి ఇదే.

బేరింగ్ ఊపిరి పీలుస్తుందండీ, నిజంగానే! క్యారియర్ లోపల, రెండు బేరింగుల మధ్య, స్పేసర్ చుట్టూ బోలెడు ఖాళీ ఉంటుంది, దాన్నిండా గాలి. బండి గంటసేపు గట్టిగా నడిస్తే అదంతా వేడెక్కుతుంది, గాలి వ్యాకోచించి సీల్ పెదవి (యాక్సిల్‌కి ఆనే రబ్బరు అంచు) సందులోంచి కాస్త బయటికి పోతుంది. 80 డిగ్రీలదాకా వెళ్లిందనుకోండి. అప్పుడే వాగులోకి దింపారు, నీళ్లు 20 డిగ్రీలు. కెల్విన్‌లో చూస్తే 353 నుంచి 293కి, అంటే లోపలి పీడనం 17 శాతం పడిపోతుంది. 17 కిలోపాస్కల్స్ దాకా అన్నమాట, 1.7 మీటర్ల లోతు నీళ్లు ఎంత నొక్కుతాయో అంత! అర మీటరు లోతు వాగు నొక్కేది 5 కిలోపాస్కల్సే. వాగు తోసే దానికన్నా బేరింగ్ తనే లాగేది మూడు రెట్లు ఎక్కువ. బయటికి పోయిన గాలి తిరిగి రావడానికి చుట్టూ గాలి లేదు కదా, నీళ్లే ఉన్నాయి, నీళ్లనే తాగుతుంది. బడిలో వాయు నియమాలని బెలూన్లతో చెప్పి వదిలేస్తారు, ఇలాంటిదొకటి చూపిస్తే ఏ పిల్లాడూ జన్మలో మర్చిపోడు.

ఇంకొంచెం లెక్క వేద్దాం. లోపల 100 మిల్లీలీటర్ల గాలి ఉందనుకోండి, ఆ 17 శాతం ఖాళీని నింపడానికి ఒకసారికి 17 మిల్లీలీటర్ల నీళ్లు దాకా వెళ్లొచ్చు. అదే ఖాళీని గ్రీజుతో కూరి 10 మిల్లీలీటర్ల గాలే మిగిలిస్తే? పీడనం తేడా అంతే, కానీ తాగేది 1.7 మాత్రమే. గ్రీజు ఎక్కువైతే బేరింగ్ వేడెక్కుతుంది అంటారు, నిజమే, అది వేగంగా తిరిగే మోటార్లకి. 20 అంగుళాల టైరుతో గంటకి 40 కిలోమీటర్లు పోయినా యాక్సిల్ తిరిగేది నిమిషానికి సుమారు 420 సార్లే, అంత నెమ్మదిదానికి భయం అక్కర్లేదు.

బండి కడిగేటప్పుడూ ఇదే కథ, రైడ్ అయి రాగానే వేడి మీద పైపు పట్టేస్తారు, పైగా ప్రెషర్ వాషర్‌ని నేరుగా సీల్ మీదకే పెడతారు. చల్లారనివ్వండి, సీల్ వైపు జెట్ పెట్టకండి.

కొత్త సీల్ ఎందుకు కారుతోందో ఇంకోటి కూడా చూడాలి. యాక్సిల్ మీద సీల్ పెదవి రాసుకునే చోట గోరుతో అడ్డంగా గీకండి. గోరు తట్టుకుంటే అక్కడ ఇసుక రాపిడికి గాడి పడింది, ఆ గాడిలో ఎంత కొత్త సీల్ పెట్టినా పెదవి ఆనదు, పలచటి స్టీల్ తొడుగు వేయించాలి, లేదంటే యాక్సిలే మార్చాలి. ఆయన మూడుసార్లూ బేరింగులూ సీళ్లూ మార్చారు, యాక్సిల్ మాత్రం అదే పాతది.