ఓఎస్‌పీఎఫ్ మీద అనుమానానికి మూలం: ఆర్పానెట్ కుప్పకూలిన రోజు

నెట్‌వర్క్‌లో డేటాకి దారి తేల్చే ప్రోటోకాళ్లు ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్. పెద్ద డేటా సెంటర్లలో అవి పనికిరావని, అక్కడ బీజీపీయే (ఇంటర్నెట్‌లో నెట్‌వర్క్‌ల మధ్య దారులు చెప్పే ప్రోటోకాల్) దిక్కని వాదన మళ్లీ వేడెక్కింది. ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్‌లది లింక్-స్టేట్ పద్ధతి. అందులో ప్రతి రూటరూ తన లింకుల సంగతి అందరికీ చేరవేస్తుంది. అందరి దగ్గరా ఒకే మ్యాపు తయారవుతుంది, దాని మీద ఎవరికి వారు అతి దగ్గరి దారి తేల్చే డైక్‌స్ట్రా లెక్క వేసుకుంటారు. లెక్కతో ఎవరికీ పేచీ లేదు. గొడవంతా ఆ చేరవేతతోనే, అంటే ఫ్లడింగ్‌తోనే.

ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ 1979లో ఈ పద్ధతికి మారింది. 1980 అక్టోబరు 27న కొన్ని గంటలపాటు నెట్‌వర్క్ మొత్తం స్తంభించింది. ఒకే నోడ్ (అప్పటి రూటర్) పేరుతో మూడు అప్‌డేట్లు ఆగకుండా తిరుగుతున్నాయి. ఏది కొత్తదో చెప్పే వాటి సీక్వెన్స్ నంబర్లు 8, 40, 44. నంబరుకి ఆరు బిట్లే కాబట్టి 63 తర్వాత మళ్లీ సున్నా వచ్చేది. ఆ చుట్టు లెక్కలో 8 కన్నా 40 కొత్తది, 40 కన్నా 44 కొత్తది, 44 కన్నా మళ్లీ 8 కొత్తది! ప్రతి నోడూ వచ్చినదల్లా తాజాదనుకుని ముందుకి తోసింది. ఒక నోడ్‌ను రీస్టార్ట్ చేసినా లాభం లేదు, పక్క నోడ్లు మళ్లీ అవే అంటించేవి. చివరికి ఆ నోడ్ పేరుతో వచ్చేవాటిని పట్టించుకోవద్దంటూ ప్యాచ్ పంపాల్సి వచ్చింది.

44లో ఒక బిట్ రాలితే, అంటే 1 కాస్తా 0 అయితే, 40, అందులో ఇంకొకటి రాలితే 8. అప్‌డేట్ వైరు మీద ఉన్నంతసేపు చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో పట్టించే సంఖ్య) కాపలా ఉండేది, మెమరీలోకి వచ్చాక ఉండేది కాదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే, ఫ్లడింగ్ కాదు. 1983లో రేడియా పెర్ల్‌మన్ ఈ చేరవేత తప్పుల్ని తట్టుకుని తనంతట తాను కోలుకునేలా చేసే మార్గం చూపించారు. ఇప్పటి ఓఎస్‌పీఎఫ్‌లో నంబరు 32 బిట్లు, అది చుట్టు తిరగదు. గరిష్ఠానికి చేరితే పాతదాన్ని ముందు తుడిచేయాలి. చెక్‌సమ్ మెమరీలో కూడా సమాచారంతోనే ఉంటుంది. గంటలోపు తాజా కాపీ రాకపోతే పాతది చెల్లదు.

బీజీపీ వైపు వారికి ఆధారం 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7938 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు). లింక్-స్టేట్‌లో ఏ లింకు తెగినా ఏరియా (నెట్‌వర్క్‌లో ఆ విభాగం) మొత్తానికి తెలుస్తుందని, బీజీపీలో ఆ భారం తక్కువని అందులో ఉంది. దట్టంగా అల్లిన నెట్‌వర్క్‌లో ఒకే కబురు ప్రతి పొరుగు నుంచీ వస్తుంది, అదీ నిజమే. దానికి లింక్-స్టేట్ వైపు నుంచి 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9667 వచ్చింది. అన్ని లింకుల మీదా కాకుండా, ఎంచుకున్న కొన్నిటి మీదే కబురు పంపే పద్ధతి అది. దాన్ని ఇంకా ప్రయోగాత్మకం అనే వర్గంలోనే ఉంచారు.