పురుగుమందు మొక్కల పరిజ్ఞానం: ఊరి వాటా ఎక్కడ జారిపోయింది?

మొక్కల కషాయాల పరిజ్ఞానాన్ని పరిశోధన కోసం ఊళ్లలో సేకరిస్తే, అందులో ఊరి వాటా ఎంతన్న వాదన మళ్లీ లేచింది. వేప గొప్పతనం అందరికీ తెలిసిందే. ఇప్పటి తగువుకు మూలం మాత్రం 2000 మే నెలలో ఉంది.

వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతిపై అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి ఇచ్చిన పేటెంటును మ్యూనిక్‌లోని యూరోపియన్ పేటెంట్ కార్యాలయం అప్పుడే రద్దు చేసింది. 2005లో అప్పీలూ వీగిపోయింది. మనమంతా సంబరపడ్డాం. అయితే రద్దు నాటి విచారణలో బాగా పనికొచ్చింది, అలాంటి మందును ముందే తయారుచేసి పొలాల్లో పరీక్షించిన ఒక భారతీయ పారిశ్రామికవేత్త సాక్ష్యం. తరతరాల రైతుల నోటిమాటకు అంత బలం దక్కలేదు. అసలు మలుపు అదే.

ప్రకాశం జిల్లాకు ఈ కషాయాల విలువ ఊరికే తెలియలేదు. 1987-88లో పైరిత్రాయిడ్లు అనే రసాయన పురుగుమందులు కొట్టేకొద్దీ పత్తిలో తెల్లదోమ పెరిగింది, అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగుమందుల్లేని సాగును ప్రభుత్వం భుజానికెత్తుకుంది మాత్రం 2004 తర్వాతే. ఆ సాగులో వాడే వేప కషాయం తేలికే: ఎకరాకు 5 కిలోల వేపగింజల పప్పు పొడి, 100 లీటర్ల నీళ్లు, కాస్త సబ్బుపొడి. ఎండకు వేపలో పురుగును అరికట్టే పదార్థం అజాడిరాక్టిన్ దెబ్బతింటుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. వావిలి, కానుగ, జిల్లేడు, సీతాఫలం లాంటి పశువులు ముట్టని ఆకులను ఏరుకోవడం ఊళ్లో పెద్దల ఎరుక. నెల్లూరు యానాదులు, నల్లమల చెంచుల దగ్గర ఇంకా చాలా ఉంది, అదంతా నోటిలోనే ఉంది.

దాన్ని రాసిపెట్టడానికే 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు వచ్చాయి. అవి ఏళ్ల తరబడి మూలపడ్డాయి. 2020 జనవరి 31లోగా పూర్తిచేయకపోతే రాష్ట్రానికి నెలకు 10 లక్షల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ అన్నాకే పరుగులు మొదలయ్యాయి. గడువు టెన్షన్‌లో రాస్తే మొక్క పేరు ఎక్కుతుంది, వాడే తీరు ఎక్కదు.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి జపాన్‌కు వెళ్లిన 2 టన్నుల వేపాకు మీద కంపెనీ 55,035 రూపాయల రాయల్టీ కట్టింది, అందులో కొంత అమరచింతకు చేరింది. అది ఆకు వాటా. ఆ ఆకును ఎలా వాడాలో చెప్పిన మనిషి వాటా ఇంకా తేలలేదు.

ఆ చట్టానికి చేసిన 2023 సవరణ, క్రోడీకరించిన, అంటే గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడే దేశీయులకు వాటా చెల్లింపు నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆయుష్ రంగానికి, పరిశోధనకు ఇది ఊరట అని కేంద్రం వాదన. గ్రంథాలకు ఎక్కని ఎరుకకు ఇప్పటికీ వాటా అడగొచ్చు. అయితే అది తమదేనని చూపించాల్సింది ఊళ్లే, చేతిలో ఉన్నది ఆ రిజిస్టరే. అందులో చెట్టు పేరు పక్కన కషాయం సంగతీ, అది చెప్పిన సముదాయం పేరూ చేర్చాల్సింది రిజిస్టరు రాసే పంచాయతీ జీవవైవిధ్య కమిటీయే.