నిషాదం దగ్గర ఆగిన చెయ్యి

తిరుపతి గోవిందరాజస్వామి గుడిలో ఒక సాయంత్రం నాదస్వరం వింటూ కూర్చున్నాను. కల్యాణి రాగం. విద్వాంసుడు స్వరాల మీద మెట్టు మెట్టుగా పైకి ఎక్కి నిషాదం, అంటే ‘ని’ దగ్గర నిలిచాడు. తారషడ్జం, అంటే పైస్థాయి ‘స’, ఒక్క అడుగు దూరంలోనే ఉంది, అయినా అందుకోలేదు. నిషాదాన్ని ఊపాడు, కాస్త కిందికి దిగాడు, మళ్లీ అక్కడికే వచ్చాడు. డోలు కూడా తగ్గింది. నా పక్కన తాళం వేస్తున్న పెద్దామె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చివరికి షడ్జం పలికింది. ఆమె చెయ్యి తొడ మీద పడింది. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చుంటే, మూడు రోజులుగా కదలని పేరా కదిలింది. ఇలా ఒక్కసారి కాదు, చాలాసార్లు జరిగింది. అందుకే గాలిలో ఆగిన ఆ చెయ్యి సంగతి తెలుసుకోవాలనిపించింది.

2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వలోరీ సాలింపూర్, రాబర్ట్ జటోరే బృందం ఈ పులకరింత మీదే పరిశోధన చేసింది. 8 మందికి, ఎవరికి ప్రాణమైన సంగీతం వారికి వినిపిస్తూ మెదడును స్కాన్ చేశారు. పాటలోని మాటల ప్రభావం కలవకుండా వాద్యసంగీతమే వాడారు. పులకరింత కలిగిన క్షణంలో మెదడు లోపలి న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలో డోపమైన్ విడుదలైంది. ఆకలిగా ఉన్నప్పుడు అన్నం దొరికితే కలిగే తృప్తిలోనూ ఈ రసాయనానికి పాత్ర ఉంది. నన్ను ఆకట్టుకున్నది ఇంకొకటి. ఆ క్షణానికి కొన్ని సెకన్ల ముందే, కాడేట్ అనే మరో భాగంలో డోపమైన్ పెరగడం మొదలైంది. అంటే షడ్జం కంటే ముందు, నిషాదం దగ్గరే మెదడు ఆనందం మొదలుపెట్టింది. వచ్చేది ఊహించడం, ఆ ఊహ నిజమవుతుందా తప్పుతుందా అని కాచుకోవడం, ఇదే సంగీతపు రుచి.

2019లో మరో బృందం మందులతో పరీక్షించింది. డోపమైన్‌ను పెంచే లీవోడోపా ఇచ్చినప్పుడు సంగీతం ఎక్కువ ఆనందాన్నిచ్చింది. దాన్ని అడ్డుకునే రిస్పెరిడోన్ ఇచ్చినప్పుడు తగ్గింది. పాట కొనుక్కోవడానికి సొంత డబ్బు ఎంత పెడతారన్నది కూడా దాన్నిబట్టే మారింది.

మరి రాయడానికి దీనితో పనేమిటి? వాక్యం కూడా ఎదురుచూపే. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, అంతవరకు పాఠకుడి చెయ్యి గాలిలోనే ఉంటుంది. ఎంతసేపు నిలపాలో, ఎప్పుడు దించాలో తెలిసినవాడే రచయిత. సంగీతపు పిచ్చి ఉన్నవాడికి ఆ కొలత చెవిలోనే పడి ఉంటుందని నా నమ్మకం.

మాట పుట్టే క్షణాన్ని కూడా శాస్త్రజ్ఞులు చూశారు. 2012లో అమెరికాలో 12 మంది ర్యాప్ కళాకారుల మెదళ్లను, ఒకే లయ మీద ఆశువుగా పాడినప్పుడూ కంఠస్థం చేసినది పాడినప్పుడూ స్కాన్ చేసి పోల్చారు. ఆశువులో, నుదుటి వెనుక మధ్యభాగం చురుకైంది. తప్పొప్పులు చూసుకుంటూ మనల్ని అదుపులో ఉంచే పక్కభాగాలు నెమ్మదించాయి. కాపలావాడు కాసేపు పక్కకు తప్పుకుంటేనే మాటలు ధారగా వచ్చాయన్నమాట. ఇది చదివినప్పుడు మన అవధానులే గుర్తొచ్చారు.

అయితే పాట పెట్టుకుని రాస్తే మంచిదని దీని అర్థం కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 2019లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు మూడు పదాలిచ్చి, మూడింటితోనూ జతకట్టే నాలుగో పదం చెప్పమన్నారు. వెనుక సంగీతం మోగుతుంటే జవాబులు తగ్గాయి. తెలియని భాష పాటైనా, మాటల్లేని వాద్యమైనా, బాగా తెలిసిన పాటైనా అంతే. గ్రంథాలయంలో వినిపించే మామూలు అలికిడి మాత్రం అంతగా చెడగొట్టలేదు. 2017 నాటి ఇంకో పరిశోధనలో, 155 మందిలో హుషారైన సంగీతం విన్నవారికి నిశ్శబ్దంలో ఉన్నవారికంటే కొత్త ఆలోచనలు ఎక్కువగా తట్టాయి. ఒక్క సరైన జవాబు పట్టుకోవడంలో మాత్రం తేడా లేదు. ఆలోచనలు పొంగాలంటే సంగీతం కావాలి, పదం కుదరాలంటే నిశ్శబ్దం కావాలి. అందుకే నేను ముందు వింటాను, తర్వాత ఫోను కట్టేసి రాస్తాను.

విన్న సంగీతం రాసే మాటలోకి దిగుతుందనడానికి నాకు తెలిసిన పెద్ద సాక్ష్యం తిరుమల కొండమీదే ఉంది. అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో శతాబ్దాల పాటు ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో అవి బయటికి వచ్చాక చూస్తే, రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. ఆయన పాడిన వరుసలు పోయాయి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి విద్వాంసులు కొత్తగా స్వరపరచడానికి కూర్చున్నప్పుడు చేతిలో ఉన్నవి అక్షరాలే. కానీ ఆ అక్షరాల్లో గురువులూ లఘువులూ ఉన్నాయి, ప్రాస ఉంది, పల్లవి దగ్గరికి మళ్లీ లాక్కొచ్చే చరణం చివరి విరుపు ఉంది. రాసిన మనిషిలోంచి సంగీతం మాటలోకి దిగి, వరుస పోయినా అక్కడే నిలిచింది. ఏ రేకులోని పాటనైనా రాగం లేకుండా, మామూలుగా పైకి చదివి చూడండి. రెండో చరణానికి వచ్చేసరికి చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉంటుంది.