ఆరు రోజులు ఇసుక, ఒక్కరోజు నీళ్లు: సామీ లీ కథ

కాలిఫోర్నియాలోని పాసడీనాలో బ్రూక్‌సైడ్ పార్క్ ఈతకొలను ఉండేది. తెల్లవాళ్లు కానివాళ్లని అందులోకి వారానికి ఒక్కరోజే రానిచ్చేవాళ్లు. ఆ రోజుకి ‘అంతర్జాతీయ దినం’ అని పెద్ద పేరు. అది గడవగానే నీళ్లన్నీ వదిలేసి కొత్త నీళ్లు పట్టేవాళ్లు. 1927లో అంబేద్కర్, ఆయన వెంట నడిచినవాళ్లు మహద్ చెరువు నీళ్లు తాగితే ఆ చెరువుకి ‘శుద్ధి’ చేసిన దేశం మనది. పాసడీనాలో నీళ్లెందుకు మార్చేవాళ్లో మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ ఒక్కరోజు కోసం ఎదురుచూసినవాళ్లలో సామీ లీ ఒకడు. ఎత్తు మీంచి పల్టీలు కొడుతూ నీళ్లలోకి దూకే డైవింగ్ అతని ఆట. కొరియా నుంచి వలసొచ్చిన దంపతులకి 1920 ఆగస్టు 1న ఫ్రెస్నోలో పుట్టాడు. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ జెండాలు చూసి, నేనూ చాంపియన్ అవుతానని తండ్రితో అన్నాడు. తండ్రికేమో కొడుకు డాక్టర్ కావాలని.

మరి మిగతా ఆరు రోజులు ప్రాక్టీసు ఎలా? కోచ్ జిమ్ ర్యాన్ తన పెరట్లోనే గొయ్యి తవ్వి ఇసుకతో నింపాడు. లీ బోర్డు మీంచి ఎగిరి, గాల్లో పల్టీ కొట్టి, ఆ ఇసుకలో కాళ్ల మీద దిగేవాడు. దిగినప్పుడల్లా కాళ్లు కూరుకుపోతాయి, లాక్కుని మళ్లీ బోర్డెక్కాలి. మనిషి చూస్తే ఐదడుగులు దాటీ దాటనట్టు ఉండేవాడు. అయినా అంత ఎత్తుకి ఎగరగలిగానంటే ఆ ఇసుక చలవేనని తర్వాత చెప్పుకునేవాడు. నాకు మాత్రం ఆ గొయ్యి తలుచుకుంటే గర్వం కన్నా ముందు కోపమే వస్తుంది.

1942లో డైవింగ్‌లో జాతీయ చాంపియన్ అయ్యాడు. 1947లో డాక్టర్ పట్టా అందుకుని తండ్రి కోరికా తీర్చాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎత్తున్న ప్లాట్‌ఫామ్ (కదలని వేదిక) మీంచి మూడున్నర పల్టీలు కొట్టి స్వర్ణం గెలిచాడు, స్ప్రింగ్‌బోర్డులో (ఊగే పలక మీంచి దూకే పోటీలో) కాంస్యం కూడా. 1952లో హెల్సింకీలో మళ్లీ ప్లాట్‌ఫామ్ స్వర్ణం. ఆ రోజు ఆయన 32వ పుట్టినరోజు. ప్లాట్‌ఫామ్‌లో వరుసగా రెండు స్వర్ణాలు గెలిచిన తొలి పురుషుడు ఆయనే.

ఆ తర్వాత సైన్యంలో డాక్టర్‌గా కొరియాలో పనిచేశాడు. అమెరికా ప్రభుత్వం ఆయన్ని ఆసియా దేశాలకి సుహృద్భావ రాయబారిగా కూడా పంపింది. అంతటివాడు 1955లో ఆరెంజ్ కౌంటీలో ఇల్లు కొనబోతే, ఆసియావాళ్లకి అమ్మం అన్నారు. విషయం పేపర్లకెక్కాక, దేశమంతా అడుగుతుంటే, చివరికి ఇల్లు దొరికింది.

అక్కడే చెవి వైద్యుడిగా ప్రాక్టీసు పెట్టాడు, పక్కనే కోచింగూ. ఆయన శిష్యుడు బాబ్ వెబ్‌స్టర్ 1960లో, 1964లో ప్లాట్‌ఫామ్ స్వర్ణాలు గెలిచి గురువు సరసన చేరాడు. ఆ తర్వాత గ్రెగ్ లుగానిస్ వచ్చాడు. సమోవా రక్తం ఉన్న పిల్లవాడు, ఒంటిరంగు చూసి స్కూల్లో ఏడిపించేవాళ్లు. లీ అతన్ని తన ఇంట్లోనే ఉంచుకుని నేర్పాడు. 1976 మాంట్రియల్‌లో ఆ కుర్రాడు పదహారేళ్లకే రజతం గెలిచాడు.