పదహారుకీ పద్దెనిమిదికీ మధ్య

ఆడపిల్ల ఇష్టానికి ఎన్నేళ్లు నిండాలన్న వాదన మళ్లీ పైకొచ్చింది. సుప్రీంకోర్టుకు సహాయంగా నియమితులైన సీనియర్ న్యాయవాది ఇందిరా జైసింగ్ 2025 జులైలో ఒక అభ్యర్థన పెట్టారు. 16 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలు ఇష్టపడి దగ్గరైతే దాన్ని పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన చట్టం) కింద నేరంగా చూడొద్దని ఆవిడ కోరారు. కేంద్రం కుదరదంది. పద్దెనిమిదేళ్ల హద్దు ఆలోచించి పెట్టిందనీ, దాన్ని సడలిస్తే పిల్లలను వాడుకునేవాళ్లకు దారి తెరిచినట్టవుతుందనీ జవాబిచ్చింది. ఈ వార్త ఎప్పుడొచ్చినా విజయవాడలో ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే టెన్షన్. "ఇక ఆడపిల్లని హాస్టల్లో వేసినట్టే" అని ఒకరు పెడితే, దాని కింద దండం బొమ్మలు వరసగా వస్తాయి.

ఇష్టానికి వయసెంతుండాలని 1891లో జరిగిన గొడవ, బాల్య వివాహాలను ఆపడానికి తెచ్చిన శారదా చట్టం అందరికీ తెలిసినవే కనుక అంత వెనక్కి వెళ్లను. ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోవాలి. 1940 నుంచి 2012 దాకా మన దేశంలో ఆడపిల్ల ఇష్టానికి చట్టం పెట్టిన వయసు పదహారే. ఇవాళ 'పదహారుకి దించాలా' అని అడుగుతున్న హద్దు మన అమ్మమ్మలూ అమ్మలూ బతికిన హద్దే.

అది మారిన మలుపు చాలామంది అనుకుంటున్నట్టు 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన నిర్భయ ఘటన దగ్గర రాలేదు, ఏడాది ముందే వచ్చింది. పిల్లల మీద లైంగిక నేరాలకు ప్రత్యేక చట్టం కావాలనుకున్నప్పుడు జాతీయ బాలల హక్కుల కమిషన్ తయారుచేసిన ముసాయిదాలో ఒక జాగ్రత్త ఉంది. ఇద్దరి మధ్య రెండు మూడేళ్లకు మించి తేడా లేకపోతే, ఇష్టపడి దగ్గరైన పిల్లలను నేరస్థులుగా చూడొద్దన్నారు. 2011లో రాజ్యసభ ముందుకొచ్చిన బిల్లులో అది వేరే రూపంలో మిగిలింది: పదహారు దాటిన పిల్ల విషయంలో ఆమె ఇష్టం ఉందో లేదో కోర్టు చూడాలి. ఆ బిల్లు పరిశీలనకు పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. పద్దెనిమిది లోపు వాళ్లంతా పిల్లలే అని రాసుకున్నాక ఇష్టం ప్రసక్తి ఎందుకని సంఘం అంది. ఆ ప్రసక్తి ఉంటే విచారణంతా ఆ పిల్ల నడత చుట్టూ తిరుగుతుందని కూడా అంది. ఆ రెండో మాటలో నిజముంది. మన కోర్టుల్లో ఆడపిల్లను ఎలాంటి ప్రశ్నలు అడుగుతారో తెలిసినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ భయంతో తీసేసింది ఒక్క వాక్యమే అయినా, దాంతోపాటు ఆ పిల్ల మాటే పోయింది. 2012 మేలో పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించింది, నవంబరు 14న అది పోక్సో చట్టంగా అమల్లోకి వచ్చింది. 2013 మార్చిలో అప్పటి ప్రభుత్వం శిక్షాస్మృతిలోనైనా పదహారుగా ఉంచుదామని చూసింది, పార్టీలు ఒప్పుకోలేదు.

విజయవాడలో దీన్ని ఎవరూ ప్రశ్నించకపోవడానికి మన ఊరి కారణం మనకుంది. 2004లో ఇక్కడే ఒక కాలేజీలో, తరగతి గదిలో, అందరి ముందూ ఒక విద్యార్థినిని నరికి చంపారు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. ఆ వారం మా అమ్మ నన్ను కాలేజీకి పంపలేదు. తర్వాత కూడా చాన్నాళ్లు నాన్న స్కూటర్ మీద దింపి, నేను గేటు లోపలికి వెళ్లేదాకా అక్కడే నిలబడేవారు. ఆ తర్వాతి ఏళ్లలో పేపర్లు రాసి రాసి 'ప్రేమోన్మాది' అన్న మాట ఇంట్లో మాటైపోయింది. యాసిడ్ దాడులొచ్చాయి. ప్రేమ అంటే వెంటపడే మగాడు, ఆడపిల్ల అంటే తప్పించుకోవలసిన మనిషి అని ఈ ఊరు నేర్చుకుంది. ఆ భయం అబద్ధం కాదు. దాని కింద నలిగింది మాత్రం ఇంకొకటి: ఆడపిల్లకే ఒకరిమీద ఇష్టం పుడితే ఇంట్లో దాన్ని చెప్పడానికి మాట లేకుండా పోయింది.

ఇంట్లో చెప్పలేనిది ఎక్కడ చెప్పుకుంటుంది? పదో తరగతి అవగానే, పదిహేనేళ్లకు, పెట్టె సర్దుకుని హాస్టల్‌కి వెళ్లే పిల్లలు వీళ్లు. కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద 2001లో నీరదా రెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ ఆరా తీశాయి. బయట మనం చేసిన చర్చ అంతా ర్యాంకులూ స్టడీ అవర్ల దగ్గరే ఆగిపోయింది. రాత్రి లైట్లు ఆర్పాక ఆ గదుల్లో నడిచే రెండో పరీక్ష గురించి మనం మాట్లాడుకోలేదు.

దాని గురించి నాకు చెప్పింది ఒక అమ్మాయి. కేసు నడుస్తోంది కాబట్టి ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ రాయను. బైపీసీ చదివింది. గదికి ఎనిమిది మంచాలు. మిగతా ఏడుగురికీ ఎవరో ఒకరు ఉన్నారట, లేదా ఉన్నట్టు చెప్పుకునేవారట.

"ఇంకా సింగిలేనా అని రోజూ అడిగేవాళ్లు మేడమ్. బాగా చదువుతానని వార్డెన్ దగ్గర పేరుండేది కదా, అందుకే నేనంటే వాళ్లకు పడేది కాదు. నేనూ ఏదో ఒకటి చేస్తేనే వాళ్లలో ఒకదాన్ని. లేకపోతే వార్డెన్‌కి చెప్పేస్తానేమోనని అనుమానం."

ఆ గదిలో ఒక ఫోన్ ఉండేది. గ్లూకోజ్ బిస్కెట్ల పెద్ద ప్యాకెట్ అడుగున కోసి, అందులో పెట్టి, మళ్లీ అంటించేవారు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు పాత స్కూల్లో సీనియర్ ఒకడు ఈ అమ్మాయి నంబరు అడిగాడు. వాడు ఈమె కంటే ఏడాదిన్నర పెద్ద, డిగ్రీ మొదటి ఏడు.

"మొదటి మెసేజ్ నేను పెట్టలేదండీ. మా రూమ్ వాళ్లు నా పేరుతో పెట్టేశారు. మూడు రోజులు వాళ్లే మాట్లాడారు, నవ్వుకున్నారు. నాలుగో రోజు ఫోన్ లాక్కుని నేను పెట్టాను. అది మాత్రం నేనే."

నేను రాసుకోవడం ఆపాను. ఇన్నేళ్లుగా ఈ గొడవ మీద విన్న వాదనలన్నిటిలో ఆ తేడా అంత స్పష్టంగా చెప్పినవాళ్లు లేరు. మొదటి మెసేజ్ స్నేహితురాళ్ల ఒత్తిడి, రెండోది తన మనసు. ఆ రెంటినీ విడదీసి చూడగలిగిన పిల్లను మన చట్టం ఒక్క మాట కూడా అడగదు.

ఇద్దరూ ఔటింగ్ రోజుల్లో కలిశారు. ఒకసారి బ్యారేజీ మీద నడిచారు, ఒకసారి బీసెంట్ రోడ్డులో చెవి రింగులు కొనుక్కుంది. సెకండియర్ ప్రీఫైనల్‌లో మార్కులు తగ్గాయి, ఇంట్లో గొడవైంది. ఒక పొద్దున హాస్టల్‌కని బయల్దేరి పండిట్ నెహ్రూ బస్టాండులో అతనితో గుంటూరు బస్సెక్కింది.

ఆ సాయంత్రమే తండ్రి పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. తెల్ల కాగితం మీద ఆయన రాసిచ్చింది నాలుగు వాక్యాలు. కుమార్తె పేరు, ఎత్తు, 'ఆకుపచ్చ చుడీదార్, కాళ్లకు పట్టీలు', 'ఎవరిమీదా అనుమానం లేదు'. పిల్ల దొరికితే చాలనుకున్న మనిషి కాగితం అది. ఆ కాగితం కేసుగా ఎలా మారుతుందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పద్దెనిమిది లోపు పిల్ల కనిపించడం లేదంటే అపహరణగానే భావించి ఎఫ్ఐఆర్ కట్టాలని 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల అక్రమ రవాణాను ఆపడానికి ఆ ఆదేశం అవసరమే. పిల్ల దొరికాక పదో తరగతి సర్టిఫికెట్ చూస్తారు, వైద్య పరీక్షకు పంపుతారు, మేజిస్ట్రేట్ ముందు వాంగ్మూలం తీసుకుంటారు. ఇద్దరూ హద్దు దాటారని తేలితే పోక్సో సెక్షన్లు వచ్చి చేరతాయి. 2019 సవరణ తర్వాత, పిల్లకు పదహారు దాటినా, 4వ సెక్షన్ కింద కనీస శిక్ష పదేళ్లు. తండ్రి కేసు వద్దన్నా వెనక్కి పోయేది కాదు. "నేను పిల్లను వెతకమన్నానండీ, ఎవరినీ జైల్లో వెయ్యమనలేదు" అని ఆయన నాతో అన్నారు. తర్వాత మాత్రం బంధువుల ముందు కేసు పెట్టింది తానేనని గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. పరువు నిలిచే దారి ఆయనకు అదొక్కటే కనిపించింది.

అమ్మాయి కొన్ని వారాలు బాలికల సదనంలో ఉంది. ఇంటికి వెళ్తావా అని అడిగితే వెళ్లనంది, ఆ తర్వాత వెళ్తానంది.

ఎవరికైనా ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. లెక్చరర్‌కి చెప్పబోయిందట. ఆవిడ మధ్యలోనే ఆపేసి, "నాకు చెప్పకు, తెలిస్తే నేను రిపోర్ట్ చెయ్యాలి" అన్నారు. ఆవిడ తప్పు లేదు. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్లకైతే ఏడాది. చిన్నపిల్లల మీద అఘాయిత్యాలను కప్పిపుచ్చకుండా పెట్టిన నిబంధన ఇది. పదిహేడేళ్ల పిల్ల దగ్గరికి వచ్చేసరికి డాక్టరూ, కౌన్సెలరూ, టీచరూ చెవులు మూసుకోవలసి వస్తోంది. వినడానికి మిగిలేది ఆ గదిలో ఏడుగురే. వాళ్లూ పదిహేడేళ్లవాళ్లే.

కోర్టులకు ఇదంతా తెలియక కాదు. మద్రాసు హైకోర్టు 2019లోనే వయసు పదహారుగా మార్చే సంగతి చూడమంది. కర్ణాటక, మధ్యప్రదేశ్ హైకోర్టులు ఈ చట్టాన్ని మళ్లీ చూడమని లా కమిషన్‌ను అడిగాయి. 2023 సెప్టెంబరులో కమిషన్ తన 283వ నివేదికలో వయసు తగ్గించొద్దని చెబుతూనే, 16-18 మధ్య కేసుల్లో శిక్ష విషయంలో జడ్జీలకు వెసులుబాటు ఇవ్వమంది. అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ ప్రత్యేక కోర్టుల తీర్పులు 7,064 పరిశీలించిన ఎన్‌ఫోల్డ్ అనే బాలల హక్కుల సంస్థ, అందులో దాదాపు నాలుగో వంతు ప్రేమ వ్యవహారాలేనని చెప్పింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక బెంగాల్ కేసులో శిక్ష వేయకుండా ఆగింది. అక్కడ అమ్మాయికి పద్నాలుగు, అతను పాతికేళ్లవాడు. దాన్ని నేను ప్రేమ కథగా చెప్పను, అలాంటి తేడా ఉన్నచోట చట్టం గట్టిగానే ఉండాలి. కానీ జరిగిన దానికంటే ఆ తర్వాత పోలీసులూ కోర్టులూ ఇల్లూ పెట్టిందే ఆ అమ్మాయికి పెద్ద బాధ అయిందని కోర్టే ఒప్పుకుంది.

జడ్జీల వెసులుబాటు శిక్ష దగ్గర పనికొస్తుంది. మన అమ్మాయికి పోయింది అంతకంటే చాలా ముందే పోయింది. ఆ మాట ఆమే చెప్పింది.

"గుంటూరులో రెండో రోజుకే నాకు భయమేసింది మేడమ్. వాడు మంచోడే. కానీ వాడికీ ఏం తెలియదు, నాకూ ఏం తెలియదు. కేసు లేకపోతే నాలుగు రోజులకి నేనే వద్దని చెప్పి వచ్చేసేదాన్నేమో. వాడు జైలుకెళ్లాక ఎలా వద్దంటాను? అంటే నేనే పంపించినట్టు. ఇప్పుడు వాళ్లమ్మ వచ్చి పెళ్లి చేసుకుంటే కేసు పోతుందంటోంది."

పదిహేడేళ్ల ఇష్టం చాలాసార్లు దానంతటది తీరిపోతుంది. తీరిపోనిచ్చే అవకాశం కూడా పిల్లకు ఉండాలి. వయసు తగ్గించొద్దనేవాళ్లు పిల్లలు తొందరపడతారంటారు. నిజమే, తొందరపడతారు. తప్పు తెలుసుకుని వెనక్కి రావడానికి మాత్రం ఈ కేసులే అడ్డంగా నిలబడుతున్నాయి.

ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పెళ్లి చేసుకోనని ఆ అబ్బాయి తల్లికి చెప్పేసింది. అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం కూడా చెప్పనంది. రెండూ తన నిర్ణయాలే అని నాతో రెండుసార్లు అంది. ఇంటర్నల్ పరీక్షలున్న వారంలోనే కోర్టు సమన్లు వచ్చాయి.

వెళ్లేముందు ఒక సంగతి అడిగింది. బిస్కెట్ ప్యాకెట్‌లో దాచిన ఫోన్ ఇప్పుడు పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితాలో ఉంది. అది ఎప్పుడిస్తారని అడిగింది. అందులో రూమ్‌మేట్స్ అందరితో దిగిన ఫొటోలున్నాయట. ఆ ఏడుగురిలో ఒక్కరైనా తర్వాత మాట్లాడారా అని అడిగితే, లేదని తల ఊపింది.