కుశల ప్రశ్న వాగ్దానంగా మారిన ఉదయం

విధేయత చూపితే ఆశీర్వాదం తప్పదా? కానుక ఇచ్చిన విశ్వాసికి మేలు కలగకపోతే లోపం అతని విశ్వాసంలోనే ఉందనాలా? విశ్వాసికి ధనం, ఆరోగ్యం తప్పక కలుగుతాయనే ‘సమృద్ధి సువార్త’ మీద క్రైస్తవ సంఘాల్లో ఈ వాదం మళ్లీ రాజుకుంది. బైబిలులో విధేయతకు దీవెనలు చెప్పే ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం, మలాకీ ప్రవక్త చెప్పిన దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక), నీతిమంతుడైన యోబు పడ్డ శ్రమలు విశ్వాసులందరికీ తెలిసినవే కాబట్టి వాటిని ఇక్కడ తిరగదోడటం లేదు. ఇప్పటి పేచీకి ఒక ముఖ్యమైన మూలం 1947లో, అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, ఎనిడ్ పట్టణంలో ఉంది.

తర్వాత టీవీ ప్రసంగాలతో పేరు పొందిన ఓరల్ రాబర్ట్స్ అప్పుడు అక్కడ పాస్టరు. చాలీచాలని జీతం. ఒక ఉదయం బస్సు కోసం పరుగు తీస్తూ, ఆ రోజు వాక్యం చదవలేదని గుర్తొచ్చి ఇంటికి తిరిగొచ్చానని ఆయన తన సాక్ష్యంలో చెప్పుకున్నారు. బైబిలు తెరిస్తే యోహాను మూడో పత్రిక రెండో వచనం కంటపడింది: ‘నీవు అన్ని విషయములలోను వర్ధిల్లుచు సౌఖ్యముగా ఉండవలెనని’ కోరిన మాట. భార్య ఈవ్లిన్‌ను పిలిచి చూపించారు. ఆ వెంటనే ఇంటికి కొత్త బ్యూయిక్ కారు వచ్చింది. పేదరికమే పవిత్రత అని వింటూ పెరిగిన మనిషికి ఆ వచనం ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

అయితే ఆ ఊరట అక్కడితో ఆగలేదు. 1950లలో ఆయన ‘ఆశీర్వాద ఒడంబడిక’ ప్రకటించారు. ఇచ్చిన కానుక ఏడాదిలోగా అనుకోని దారిలో తిరిగి రాకపోతే డబ్బు వాపసు ఇస్తామన్నారు. తర్వాత అదే ‘విత్తన విశ్వాసం’ బోధ అయింది. కానుక విత్తనమైంది, ప్రతిఫలం పంట అయింది. దేవుని మాట వినడం అనే విధేయత క్రమంగా దైవసేవకునికి డబ్బు పంపడంగా కుదించుకుపోయింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

ఆ వచనం నిజానికి ఏమిటి? పెద్దయైన యోహాను తన స్నేహితుడు గాయుకు రాసిన ఉత్తరంలో మొదటి పలకరింపు. ఆ కాలపు గ్రీకు ఉత్తరాలు అలాగే మొదలయ్యేవి. రెండో శతాబ్దంలో రోమా నౌకాదళంలో చేరిన ఆపియోను అనే ఈజిప్టు యువకుడు తండ్రికి రాసిన పపైరస్ ఉత్తరం నేటికీ ఉంది. నువ్వు ఆరోగ్యంగా ఉండాలని, సోదరితో సహా ఇంటివారంతా చల్లగా ఉండాలని అన్నిటికంటే ముందు ప్రార్థిస్తున్నానంటూ అది మొదలవుతుంది. కొడుకు తండ్రి క్షేమం కోరాడు. ఆ కోరికను దేవుడు చేసిన వాగ్దానమని ఎవరూ అనుకోరు.

సమృద్ధి సువార్తను సమర్థించేవారు దేవుడు తన పిల్లలకు మేలే కోరతాడని అంటారు. అందులో తప్పు లేదు. కానీ ఆ బోధలో ముందు నడిచినవారే కొందరు తర్వాత వెనక్కి తిరిగి చూసుకున్నారు. ఆర్థిక మోసం కేసులో 1989లో శిక్ష పడిన అమెరికా టీవీ ప్రసంగీకుడు జిమ్ బేకర్, సందర్భం విడిచి వచనాలు వాడుకున్నానని 1996లో రాశారు. విశ్వాసంతో పలికింది జరుగుతుందని బోధించే ‘విశ్వాస వాక్య’ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచిన కెన్నెత్ హేగిన్ సైతం డబ్బు విషయంలో జరుగుతున్న అతిని 2000లో ఒక పుస్తకమే రాసి ఖండించారు. 2010లో కేప్‌టౌన్‌లో సమావేశమైన, పలు దేశాల సువార్తిక క్రైస్తవుల లోసాన్ మహాసభ ఈ బోధను తోసిపుచ్చింది. ఒప్పుకోలు ఇన్ని వచ్చినా, ఆశించిన పంట పండక తనను తానే నిందించుకునే విశ్వాసి బాధ తీరలేదు. నన్ను కలచివేసేది అదే.

యోహాను ఉత్తరంలో రెండో వచనం దాటి చదివినవారు తక్కువ. మూడో వచనంలో గాయు సత్యాన్ని అనుసరించి నడుస్తున్నాడన్న సంతోషం ఉంది. అయిదో వచనంలో, పరదేశులైన సహోదరులకు అతను చేసిన ఉపకారానికి మెప్పు ఉంది. ఏడో వచనం ఆ సహోదరుల గురించి చెబుతుంది. వారు ప్రభువు నామం కోసం బయలుదేరినవారు. అన్యజనుల దగ్గర ఏమీ పుచ్చుకోలేదు. గాయు చేసిన ఖర్చుకు ఎంత తిరిగి వస్తుందో ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు.